ఫైగా పుట్టినతేదీ కోసం స్క్రాంటన్ దాకా

మా పక్కింటి నవోమి వాళ్ళమ్మ పోయి పదకొండు నెలలైంది. వాళ్ళు యూదులు. వాళ్ళ ఆచారం ప్రకారం ఏడాది తిరిగేలోపు సమాధి దగ్గర రాయి నిలబెట్టి, దాని మీద కప్పిన గుడ్డ తీసి, అయినవాళ్ళంతా ప్రార్థన చేస్తారు. నవంబరులో బంధువులంతా వస్తున్నారు, ఫ్లయిట్ టికెట్లు కూడా కొనుక్కున్నారు. రాయి చెక్కే ఆయనకు నవోమి అమ్మ పేరు ఇచ్చింది, తాతగారి పేరు ఇచ్చింది, పోయిన తేదీ ఇచ్చింది. పుట్టిన తేదీ దగ్గరే బండి ఆగిపోయింది. శుక్రవారం లోపు చెప్పకపోతే నవంబరుకు రాయి తయారుకాదని ఆయన తేల్చేశాడు. అందుకని బుధవారం నాడు నేనూ మా ఆయనా లీవు పెట్టి, ఆవిడను కారులో ఎక్కించుకుని పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌కు వెళ్ళొచ్చాం. పాత కుటుంబ కాగితాల కోసం అటువైపు వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు తేదీల గొడవ చెప్పాలి. నవోమి వాళ్ళమ్మ పేరు ఫైగా. పోలండ్‌లో పుట్టింది. యుద్ధంలో ఇంటిల్లిపాదీ పోగా ఒక్కతే మిగిలింది. ఆ తర్వాత జర్మనీలో, దిక్కులేనివాళ్ళ కోసం పెట్టిన శిబిరంలో కొన్నాళ్ళుండి అమెరికా వచ్చింది. ఇక్కడి సిటిజన్‌షిప్ కాగితంలో ఆమె పుట్టినరోజు మార్చిలో ఉంది. ఆ లెక్కన పోయేనాటికి తొంభై నాలుగేళ్ళు. ఆమె పోయిన తర్వాత నవోమి కొడుకు ఇంటర్నెట్‌లో వెతికితే, నాజీల క్యాంపులో రాసుకున్న ఖైదీల జాబితా ఒకటి దొరికింది. అందులో అదే పేరు, అదే ఊరు, తండ్రి పేరు కూడా అదే. వయసు మాత్రం ఐదేళ్ళు ఎక్కువ. క్యాంపులో ప్రాణం కాపాడుకోవడానికి వయసు పెంచి చెప్పినవాళ్ళున్నారు, యుద్ధం అయ్యాక వీసా కోసం తగ్గించి చెప్పినవాళ్ళూ ఉన్నారు. వీటిలో ఏది అబద్ధమో చెప్పగల మనిషి ఇప్పుడు లేదు. ఉన్నప్పుడు అడిగితే, “నేను పుట్టాను కదా, అది చాలదా?” అనేదట.

ఇంతలో, పేపర్లో మరణవార్త చూసి స్క్రాంటన్ నుంచి ఒక దూరపు బంధువు నవోమికి మెయిల్ రాశాడు. ఫైగా వాళ్ళమ్మ చెల్లెలు యుద్ధానికి ముందే అమెరికా వచ్చి ఆ ఊళ్ళో స్థిరపడింది. ఇంగ్లిష్‌లో ఎవరైనా ఆంటీయే కాబట్టి చెల్లెలో అక్కో నవోమికి తెలియదు. ఆవిడ చిన్నదని ఉత్తరాల్లో తేలింది కనుక నేను పిన్ని అనే రాస్తున్నాను. శిబిరం నుంచి ఫైగా ఆ పిన్నికి రాసిన ఉత్తరాలు ఇరవై మూడు ఉన్నాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అవి బయటపడితే, ఆ బంధువు ఊళ్ళోని ఒక కాలేజీ లైబ్రరీకి ఇచ్చేశాడు. యిడ్డిష్ తెలిసిన ఒక పెద్దాయన వాటిని ఇంగ్లిష్‌లోకి మార్చి, టైపు చేసి జతపరిచాడు. యిడ్డిష్ అంటే తూర్పు యూరప్ యూదులు ఇళ్ళలో మాట్లాడుకునే భాష. నవోమికి వింటే అర్థమవుతుంది కానీ చదవడం రాదు.

న్యూజెర్సీలో మా ఊరు ఐసెలిన్ నుంచి ఉదయం ఏడుంపావుకు బయలుదేరాం. 287 హైవే మీద ఉత్తరానికి పోయి, అక్కణ్ణుంచి 80 మీద పడమటికి పోవాలి. ఎనిమిది దాటితే 287 మీద ఆఫీసు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు, ముందే బయటపడండి. గంటంబావులో డెలావేర్ నది వస్తుంది. కొండను నది కోసుకుంటూ పోయే చోటు అది. అక్టోబరు రెండో వారం కావడంతో రెండు పక్కలా చెట్లు ఎర్రగా, పసుపుగా ఉన్నాయి. ఫొటోలు తీసుకునేవాళ్ళు ఒడ్డున బారులు తీరి ఉన్నారు. వంతెన మీద పెన్సిల్వేనియా వైపు పోయేటప్పుడే టోల్ ఉంది, తిరిగొచ్చేటప్పుడు లేదు. టోల్ దానంతటదే కట్టే ఈజీపాస్ ఉంటే రెండు మూడు డాలర్లతో పోతుంది. వంతెన దాటాక కారులో పెట్రోలు పోసుకోవడానికి ఆగాం. నవోమి బాత్‌రూమ్‌కు వెళ్ళింది.

“గా మార్చి తేదీ ఎవడో క్లర్క్ ఏసిందేనే,” అన్నాడు మా ఆయన రాజేందర్, పంపు పట్టుకుని. “మా హెడ్మాస్టర్ ఏసినట్టు. దానికోసం మూడు వందల కిలోమీటర్లు వోవుడెందుకు చెప్పు? పాస్‌పోర్ట్‌ల ఏదుంటె అదే ఫైనల్.”

“ఆవిడ ముందు మాత్రం అనకండి.”

“ఎందుకనొద్దు? రిలీఫ్ వస్తది ఆమెకు.”

ఆయనది కరీంనగర్ దగ్గర పల్లెటూరు. పుట్టింది దసరా రోజుల్లో. సర్టిఫికెట్‌లో ఉన్నది మాత్రం జూన్ ఒకటి. బడిలో చేర్చిన రోజున ఆ బెంచీ మీద కూర్చున్న పిల్లలందరికీ హెడ్మాస్టరు ఆ తేదీనే వేశాడట. పదో తరగతి మెమో నుంచి పాస్‌పోర్టుకు, పాస్‌పోర్టు నుంచి హెచ్‌వన్‌కు, గ్రీన్‌కార్డుకు ఆ జూన్ ఒకటి అలా పాకుతూ వచ్చింది. ఆఫీసులో ఏటా అదే రోజున కేకు తెస్తారు. ఈయన సిగ్గుపడకుండా కోస్తాడు. మన తరంలో ఇలాంటివాళ్ళు ఇంటికొకరు ఉంటారు గనుక నాకూ వింతగా అనిపించదు. నిజానికి ఆ పొద్దున నేను కూడా ఆయన మాటే సరైనదనుకున్నాను. ఇంత దూరం వెళ్ళేది నవోమి మనశ్శాంతి కోసమేనని నా లెక్క.

చెప్పొద్దన్న మాట ఆయన కారెక్కగానే చెప్పేశాడు. ఇంగ్లిష్‌లో, హెడ్మాస్టరు బెత్తంతో సహా. నవోమి చాలా రోజుల తర్వాత నవ్వింది. డెబ్బైకి దగ్గరపడిన మనిషి, ముప్పై ఏళ్ళు స్కూల్లో లెక్కలు చెప్పింది. “అంటే ఆ తేదీకి అర్థమేమీ లేదంటావా, రాజ్?” అని అడిగింది. “ఏమీ లేదు. క్లర్కు చెయ్యి ఎటు తిరిగితే అటు,” అన్నాడు ఈయన. ఆవిడ కిటికీలోంచి బయటకు చూస్తూ, “అలా అయితే బాగుండు,” అంది.

స్క్రాంటన్ చేరేసరికి పదికి పది నిమిషాలుంది. ఒకప్పుడు బొగ్గుగనులతో, మిల్లులతో బతికిన ఊరు. డౌన్‌టౌన్‌లో పాత రాతి భవనాలు బాగా నిలబడి ఉన్నాయి, జనమే పలచగా ఉన్నారు. వీధిలో మీటరు దగ్గర పెడితే రెండు గంటలకోసారి పరిగెత్తాలి, కాబట్టి కారు గరాజ్‌లో పెట్టేయండి. లైబ్రరీలో పాత కాగితాల గది పదింటి నుంచి నాలుగింటి దాకా తెరిచి ఉంటుంది, మధ్యలో పన్నెండు నుంచి ఒంటి గంట వరకు మూసేస్తారు. ప్రవేశానికి రుసుము లేదు కానీ ముందే మెయిల్ రాసి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. బ్యాగులు లాకర్‌లో పెట్టాలి, పెన్ను లోపలికి రానివ్వరు, వాళ్ళే పెన్సిల్ ఇస్తారు. ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో ఫొటోలు తీసుకోవచ్చు. అక్కడ పనిచేసే అమ్మాయి బూడిదరంగు పెట్టె తెచ్చి టేబుల్ మీద పెట్టి, “ఒక్కో ఫోల్డరే బయటకు తీయండి. వరస మారనివ్వకండి,” అని చెప్పి తన సీటులోకి వెళ్ళిపోయింది.

మొదటి ఉత్తరం నాలుగే వాక్యాలు. “పిన్నీ, నేను ఫైగాను. బతికే ఉన్నాను. నీ అడ్రసు నాకు ఎప్పుడూ నోటికి వచ్చు. మిగతావాళ్ళ సంగతి తర్వాత రాస్తాను.” నవోమి టైపు కాగితం పక్కన పెట్టి, అసలు ఉత్తరం మీది చేతిరాతను చాలాసేపు చూసింది. కిరాణా చీటీల మీద చివరిదాకా అదే రాత అని చెప్పింది. రెండో ఉత్తరం నుంచి ఎనిమిదో దాని వరకు ఏ సినిమాలోనూ చూపించని విషయాలే ఉన్నాయి. సూదులు పంపు, నల్లదారం పంపు, మేజోళ్ళు పంపు, ఇంగ్లిష్ వాచకం ఒకటి పంపు. బాబాయి పని ఎలా ఉంది? పిన్ని అడిగిన ప్రశ్నలకు మాత్రం జవాబు లేదు. ఆమె ప్రతిసారీ మిగతావాళ్ళ గురించి అడిగిందని ఫైగా రాతను బట్టి తెలుస్తూనే ఉంది. ఫైగా ప్రతిసారీ “తర్వాత రాస్తాను” అంటుంది. బాబాయి లేసుమిల్లులో కార్మికుడు. మనవాళ్ళు అమ్మానాన్నల విజిటర్ వీసాకు స్పాన్సర్ లెటర్ పంపినట్టే అప్పట్లోనూ బంధువులు హామీపత్రం పంపాలి. ఆయన జీతానికి ఆ పత్రం చెల్లలేదు. ఏడో ఉత్తరంలో ఆ సంగతి ఒక్క వాక్యంలో ఉంది. “బాబాయి బాధపడొద్దని చెప్పు, ఇక్కడ ఇంకో దారి ఉందంటున్నారు.”

పన్నెండయ్యేసరికి గది మూసేశారు. రెండు వీధుల అవతల ఉన్న చిన్న డైనర్‌కు వెళ్ళాం. మాంసం లేనిది ఏముందని అడిగితే, గిన్నెలు తుడుచుకుంటున్న వంటాయన పియరోగీలు ఉన్నాయన్నాడు. చూడ్డానికి మన కజ్జికాయల్లా ఉంటాయి, లోపల బంగాళదుంప, చీజ్. ఉడకబెట్టి, వెన్నలో ఉల్లిపాయలతో వేయించి ఇస్తారు.

“బేకన్ వేయరు కదా?” అని పందిమాంసం ముక్కల భయంతో రెండుసార్లు అడిగాను.

“మీరు వేయమంటే తప్ప వేయను,” అన్నాడాయన. “ఎక్కడినుంచి వచ్చారు?”

“న్యూజెర్సీ.”

“దానికి నేను చేయగలిగిందేమీ లేదు,” అని న్యూజెర్సీవాళ్ళ మీద జోకు వేసి, మొహం మామూలుగా పెట్టుకునే వెనక్కి తిరిగాడు. ముగ్గురం తిని, టీలు తాగి, టిప్పుతో కలిపి యాభై డాలర్ల లోపే అయింది. మనవాళ్ళ కోసం చెబుతున్నాను, పచ్చిమిరపకాయలు కావాలంటే వెంట తెచ్చుకోండి. నవోమి సగం తిని ప్లేటు జరిపింది. “ఇంతదూరం వచ్చి సూదులు, దారం లెక్కలు చదువుతున్నాను. పొద్దున రాజ్ చెప్పిందే నిజమేమో. పాస్‌పోర్టు తేదీనే చెక్కించేస్తాను,” అంది. అప్పుడే రాయి ఆయనకు ఫోన్ చేయబోతే నేనే ఆపాను. రానూపోనూ ఖర్చు పెట్టుకున్నాం కదా, మిగతా ఫోల్డర్లు కూడా చూసి చేయమన్నాను. అంతకంటే గొప్ప కారణమేమీ నా దగ్గర లేదు.

ఒంటిగంటకు తొమ్మిదో ఉత్తరం తీశాం. దాని నకలు ఇప్పుడు నా ఫోన్‌లో ఉంది, నవోమి అనుమతితో తెలుగులో రాస్తున్నాను.

“పిన్నీ, నా పుట్టినరోజుకు నువ్వు పంపిన కార్డు అందింది. ఇరవై ఒకటి అని అక్షరాల్లో ఎంత పెద్దగా రాశావో. ఇక్కడ ఆఫీసులో మన ఉత్తరాలు తెరిచి చూస్తారు. ఆ రోజు చూసినవాడికి మన భాష రాదు కాబట్టి బతికిపోయాను. కార్డు కాల్చేశాను, కోపం తెచ్చుకోకు. ఇకమీదట ఆ నెలలో నాకు ఏమీ రాయకు. తల్లీతండ్రీ లేని పిల్లలకు అమెరికా ముందుగా వీసా ఇస్తోంది, పద్దెనిమిది దాటకూడదు. ఇక్కడ నాకు పదహారు. నేను పుట్టింది మార్చిలో. ఎవరి తేదీయో నీకు తెలుసు. ఏ తేదీ అని గుమాస్తా అడిగితే ఆలోచించడానికి వ్యవధి లేదు, నాకు తడుముకోకుండా వచ్చే తేదీ చెల్లి టోబాది ఒక్కటే. అది ఉండి ఉంటే ఈ వీసా దానికే వచ్చేది. మిగతావాళ్ళ సంగతి అడుగుతున్నావు, ఇదే ఆ సంగతి. నేను చేసింది తప్పయితే రాయి.”

నవోమి ఒకసారి మౌనంగా చదివింది, రెండోసారి మాకు వినిపించేలా చదివింది. తర్వాత, “టోబా నా మిడిల్ నేమ్,” అంది. “ఎవరి పేరు అని అడిగితే, మా ఇంట్లో ఒక చిన్నపిల్ల ఉండేది అనేది అమ్మ.”

మా ఆయన కుర్చీలో కదిలాడు. “నవోమీ, నేను పొద్దున అన్నది తప్పు. క్లర్కు వేసిన తేదీ కాదిది,” అన్నాడు. హెడ్మాస్టరు బెంచీకంతా కలిపి వేసిన తేదీతో దీన్ని పోల్చినందుకు ఆయనకు నిజంగానే సిగ్గేసింది. మొహం చూస్తే నాకు తెలుస్తుంది. నాకూ సిగ్గేసింది, ఎందుకంటే నేను కూడా మనసులో అదే అనుకున్నాను. మనవాళ్ళ సర్టిఫికెట్‌లో తప్పు తేదీ అంటే ఊరికే వచ్చిన తేదీ. అది ఇంకొక మనిషిది అయ్యుండొచ్చని మాకు తట్టనే లేదు.

“అమ్మకు మేం ప్రతి మార్చిలో కేకు చేసేవాళ్ళం,” అంది నవోమి. “కొవ్వొత్తులు తనే లెక్కపెట్టేది. ఒకటి తక్కువైనా ఊరుకునేది కాదు, దుకాణానికి పంపించేది. వయసు దాచుకోని ఆడమనిషి మా అమ్మ ఒక్కతే అని నాన్న ఏడిపించేవాడు.” అప్పుడు ఆవిడకు ఏడుపు వచ్చింది. లైబ్రరీ అమ్మాయి కాగితపు రుమాళ్ళ డబ్బా తెచ్చి, ఉత్తరాలకు తడి తగలకుండా దూరంగా పెట్టి వెళ్ళింది. రోజూ ఎవరో ఒకరు అక్కడ ఏడుస్తారు కాబోలు, చాలా అలవాటుగా చేసింది ఆ పని.

పిన్ని ఏం జవాబు రాసిందో లేదు. ఆమె రాసినవి ఫైగా దగ్గర మిగల్లేదు, పెట్టెలో ఉన్నది ఒకవైపు ఉత్తరాలే. కానీ పద్నాలుగోది మార్చి చివర్లో రాసింది. అందులో సగం పేజీ ఓడ గురించి, టీకాల గురించి. చివర్లో మాత్రం ఇలా ఉంది. “నీ కార్డు సరైన రోజుకే అందింది. పైన పేరు నాది రాశావు. ఎవరికి రాశావో నాకు తెలుసు. దాచుకున్నాను.” మిగతా ఉత్తరాల్లో టోబా పేరు మళ్ళీ రాలేదు. ఫైగా అసలు పుట్టినరోజు కోసం ఇరవై మూడూ రెండుసార్లు వెతికాం. వయసును బట్టి సంవత్సరం తేలింది, క్యాంపు జాబితాలోదే నిజం. నెల గానీ తేదీ గానీ ఎక్కడా రాసిలేవు. “ఆ నెల” అని ఆమె రాసిన ఆ నెల ఏదో చెప్పగలిగిన పిన్ని పోయి చాలా ఏళ్ళైంది.

మూడున్నరకు బయటికొచ్చాం. గరాజ్‌లో కారు పక్కన నిలబడి నవోమి రాయి ఆయనకు ఫోన్ చేసింది. ఆయన గొంతు మాకూ వినబడేంత గట్టిగా ఉంది.

“తేదీ దొరికిందా?” అని అడిగాడు.

“అమ్మకు సంవత్సరం ఒక్కటే చెక్కండి.” ఆ సంవత్సరం చెప్పింది.

“మీరు ముందు అనుకున్న మార్చి తేదీ కొట్టేయమంటారా?”

“వద్దు, ఉంచండి. అది కిందికి వస్తుంది, ఇంకో పేరు పక్కన. టోబా, ఫైగా చెల్లెలు.”

“ఆవిడను కూడా అక్కడే పెట్టారా?”

“లేదు,” అంది నవోమి. “ఎక్కడా పెట్టలేదు.”

టోబా పేరులో అక్షరాలు ఒక్కొక్కటే చెప్పమన్నాడాయన. ఆవిడ నిదానంగా, పిల్లలకు డిక్టేషన్ చెప్పినట్టు చెప్పింది. అలా సమాధి లేనివాళ్ళ పేరు అయినవాళ్ళ రాయి మీద చెక్కించడం వాళ్ళలో ఉన్నదేనట, కొత్తగా పుట్టించింది కాదు. తిరుగుదారిలో 80 మీద ట్రక్కులు ఎక్కువ, ఇల్లు చేరేసరికి ఆరున్నర దాటింది.

ఆ రోజు గురించి తర్వాత రెండు మూడుసార్లు అనుకున్నాను. ఫైగా బిడ్డలకు ఏమీ చెప్పలేదని నవోమికి ఒక ఫిర్యాదు ఉండేది, మాతో చాలాసార్లు అంది. చెప్పలేదన్నది నిజమే. కానీ ఏటా అందరినీ కూర్చోబెట్టి, చెల్లెలికి ఎన్నేళ్ళు వచ్చాయో అన్ని కొవ్వొత్తులూ వెలిగింపజేసింది. టోబా ఆ ఇంట్లో పదహారు దాటింది, ముప్పై దాటింది, తొంభై నాలుగు దాకా వచ్చింది. తన తేదీ మాత్రం ఫైగా ఎవరికీ ఇవ్వలేదు, ఇప్పుడది ఎవరి దగ్గరా లేదు. రాయి మీద అక్క పేరు పక్కన సంవత్సరం ఒక్కటే ఉంటుంది, చెల్లెలి పక్కన రోజుతో సహా ఉంటుంది. చూసినవాళ్ళు చెక్కేవాడు మరిచిపోయాడనుకుంటారు. అనుకోనివ్వమంది నవోమి.

వెళ్ళేవాళ్ళకు ఒకటే సలహా. లైబ్రరీకి అపాయింట్‌మెంట్ మెయిల్ రాసేటప్పుడు మీ మనిషికి ఉన్న పేర్లన్నీ, తేదీలన్నీ రాయండి, తప్పని మీకు తెలిసినవి కూడా. సరైనది ఒక్కటే రాస్తే ఒక్క మనిషే దొరుకుతుంది.